తెరిచి చూస్తేగానీ

ముందు వెచ్చదనం వచ్చింది. ఎండకి కాగిన కాలవనీళ్ళలోకి నడుం దాకా దిగినట్టు హాయిగానే ఉంది, ఆ హాయిలోనే కాళ్ళు రెండూ ఎటో జారిపోయాయి. కుడికాలి బొటనవేలు కదిపి చూద్దామనుకుంది లోవలక్ష్మి. అనుకోవడం వరకే అయింది, ఆ సంగతి కాలిదాకా చేరలేదు. ఇందాక వెన్నులో సూది పొడిచేముందు మత్తు డాక్టరు లోకనాథ్‌గారు, "రొయ్యలా ముడుచుకోవాలమ్మా, కానీ మెడ మాత్రం వంచొద్దు, మీ మెడంటేనే నాకు భయం," అన్నారు. మెడ వంచకుండా ముడుచుకునే రొయ్య ఏ నీళ్ళలో ఉంటుందో, ఇన్నేళ్ళు తట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా రొయ్యలమ్మినా తనకైతే కనబడలేదనుకుంటే నవ్వొచ్చింది, నవ్వితే కదులుతానేమోనని ఆపుకుంది. కీళ్ళవాతం మెడ ఎముకల్ని కూడా వదులు చేసిందంట. పూర్తి మత్తిచ్చి గొంతులో గొట్టం వేయాలంటే మెడ వెనక్కి వంచాలంట, వంచితే ప్రమాదమంట, అందుకని నడుం కిందకే మత్తు. మెలకువగానే ఉంటారు, కబుర్లు చెప్పుకుందాం, అన్నారాయన, రేవులో ఏరు దాటించే పంటు కోసం కూర్చున్నవాళ్ళతో అన్నట్టు. వేలికి తగిలించే క్లిప్పు ఆమె వంకర వేళ్ళకి నిలవలేదు. ఒక్కో వేలికీ పెట్టి చూసి, చివరికి చెవికి తగిలించింది నర్సు ప్రిస్కిల్లా. "కొత్త కమ్మ బాగుందండి," అంది. ఆ కమ్మ పెట్టినప్పట్నించీ తల వెనక పెట్టె ఒకటి లోవలక్ష్మి గుండె చప్పుడుని గదిలో అందరికీ వినిపిస్తోంది.

గుండెలకి ఎదురుగా పచ్చగుడ్డ కట్టారు. గుడ్డకి ఇవతల తను, అవతల తన కాలు. కాలి దగ్గర పెద్ద డాక్టరు రాజేంద్రగారు, ఆయన పక్కన ఎప్పుడూ తిరిగే సుధాకర్‌గారు. దేనితోనో రుద్దుతున్నారు, రుద్దే చప్పుడు చెవికి తెలుస్తోంది గానీ చర్మానికి తెలియడం లేదు, పక్కింట్లో ఎవరో చేప తోముతున్నట్టుంది. పోయిన వేసవిలో ఇదే బల్ల మీద ఆ కాలి చీలమండ దగ్గర కీలు తీసేసి, రెండెముకల్ని కలిపి మరలు బిగించారు. అవి కలవలేదు. ఎందుకు కలవలేదన్నది ఇవాళ తేలాలి. లోపల చీము పట్టిందా, లేక ఊరికే అతక్కుండా ఉండిపోయిందా. చీము లేకపోతే తుంటి దగ్గర కాస్త ఎముక తీసి తెచ్చి ఆ సందులో నింపి మళ్ళీ బిగిస్తారు. చీముంటే మరలన్నీ పీకేసి, కడిగి, బయట్నించి కాలికి కడ్డీలు దించి, నెలల తరబడి మందులు వాడి, అప్పటికీ లొంగకపోతే... అక్కడిదాకా చెప్పి రాజేంద్రగారు ఆగారు. "కాలు దక్కించడానికే చూస్తామమ్మా," అన్నారు. మామూలు మనుషులకైతే రక్తపరీక్ష చెప్పేస్తుందంట, కీళ్ళవాతం మనిషి రక్తం ఎప్పుడూ కుతకుతలాడుతూనే ఉంటుంది కాబట్టి దాని మాట నమ్మడానికి లేదంట. తెరిచి చూస్తేగానీ చెప్పలేం. తెరిచి చూస్తేగానీ. మొన్న ఈ ఆస్పత్రికి వస్తుంటే రావులపాలెంలో అరటిగెలల లారీలు అడ్డమొచ్చి కారు చాలాసేపు ఆగిపోయింది, అప్పుడంతా ఆ మాటే నోట్లో నానింది. చేపకైతే మొప్ప ఎత్తి చూస్తే చాలు, ఆ ఎరుపే అంతా చెప్పేస్తుంది, కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ ఇక వాదించుకునే పని లేదు. మనిషికి అలాంటి మొప్ప ఒకటి ఎక్కడో పెట్టి ఉండాల్సింది.

భుజానికి కట్టిన బీపీ పట్టీ గర్రుమని ఉబ్బి చెయ్యిని పట్టేసింది, పీత పట్టినట్టు, పట్టి, ఆలోచించుకుని, వదిలేసింది. చేతులు ఇవాళ బాగా వాచి ఉన్నాయి. ఆపరేషన్ అని కీళ్ళవాతం ఇంజెక్షన్ ముందే ఆపించేశారు, అది ఆపగానే వేళ్ళన్నీ ఒక్కసారి లేచి కూర్చున్నాయి, ఎప్పుడెప్పుడా అని కాచుకున్నట్టు. ఎప్పుడు మొదలైంది అని ప్రతి డాక్టరూ అడుగుతారు. పొద్దున్నే చేతులు ఎంతసేపు బిగుసుకుని ఉంటాయి అని కూడా అడుగుతారు. ఎండ అరుగెక్కేదాకా, అని చెప్పేది తను. గంటల్లో చెప్పమ్మా, అనేవారు. గంటల్లో ఏముంటుంది, ఎండలో ఉంటుంది గానీ. ముందు జుట్టు ముడేసుకోవడం పోయింది. తర్వాత పొలుసు గీకే కత్తి చేతిలోంచి జారిపోవడం. అప్పటికి ముప్పై దాటాయో లేదో. ఆ పైన పాదాలు. కుడి చీలమండ లోపలికి ఒరిగిపోయి, అరికాలు పలకలా నేలకి ఆనిపోయింది. ఊళ్ళో సిమెంటు రోడ్డు పడ్డప్పుడు అందరూ సంతోషించారు, తను మాత్రం తట్టతో ఏటిగట్టు కింద బురదలోంచే నడిచేది. బురద పాదాన్ని అది ఎలా ఉంటే అలా పట్టుకుంటుంది, వంకరని సరిచేయమని అడగదు. సిమెంటుకి ఆ దయ లేదు. ఆ రోజుల్లోనే సంచి తగిలించుకుని సైకిల్ మీద తిరిగి మందులిచ్చే ఆయన ఒక చిన్న తెల్లమాత్ర ఇచ్చాడు. ఎంత చిన్నదంటే వంకర వేళ్ళతో పట్టుకోడానికి దొరికేది కాదు, నాలిక అంటించి తీసుకునేది. వేసుకున్న మర్నాడు లేచి ఇల్లంతా అలికేసింది, చూరులో బూజు దులిపేసింది, మొగుడు సత్తియ్య వచ్చి ఎవరిల్లో అనుకుని గుమ్మం దగ్గర ఆగిపోయాడు. మొహం గుండ్రంగా నిండింది. ఒళ్ళు చేశావే, బాగున్నావే అన్నారు. ఏళ్ళ తరబడి మింగింది. అది లోపల ఎముకని మైనం చేస్తోందని, చర్మాన్ని ఉల్లిపొర చేస్తోందని రాజమండ్రి వచ్చేదాకా చెప్పినవాళ్ళు లేరు. చెప్పినా మానేదా? ఏమో. నొప్పి లేని ఒక్క పొద్దు ఎలా ఉంటుందో చూసినవాళ్ళకి అది మానడం అంత తేలిక కాదు.

"మీది ఏ ఊరన్నారమ్మా? ఏటి ముఖద్వారం దగ్గరా? అయితే పులసలన్నీ మీవే!" తల వెనక నుంచి లోకనాథ్‌గారు.

"అమ్ముతామండి. తినేది మీరు."

గుడ్డ అవతల ఎవరో నవ్వారు. "ఆవిడతో పెట్టుకోకండి సార్," సుధాకర్‌గారి గొంతు. పట్నం వాళ్ళందరూ పులస దగ్గరే ఆగిపోతారు. మట్టగిడస గురించి ఎవరూ అడగరు, కొయ్యింగ గురించి అడగరు, ఏటి నీళ్ళు తీపి నుంచి ఉప్పుకి మారేచోట పిల్లచేపలు మసకగా పైకి లేచి మళ్ళీ అణిగిపోతాయే, దాన్ని గురించి అడగరు. అడిగితే చెప్పేది. ఈలోపు అవతల మాటలు తగ్గాయి. ఏదో ఇనుము ఇంకో ఇనుముని తాకింది. కాలిన వాసన సన్నగా వచ్చింది, వెంట్రుక కాలినట్టు, అది తనదేనని తెలియడానికి కాసేపు పట్టింది. మొదలెట్టారు. లోవ తలుపులమ్మ తల్లీ, అనుకుంది. నీ పేరే పెట్టుకున్నాను, చూడు తల్లీ, చీము... అక్కడ ఆగిపోయింది మొక్కు. చీము లేకుండా చూడు అనాలి. కాలున్నవాళ్ళెవరైనా అదే అంటారు. తనకి మాత్రం ఆ మాట గొంతులోంచి తిన్నగా రావడం లేదు. ఎందుకంటే చీము లేకపోతే, ఇక వల ఉంది.

వల సంగతి వేసవిది. ఏప్రిల్ నడిమి నుంచి జూన్ నడిమి దాకా ఇంజను బోట్లు సముద్రంలోకి దిగకూడదు, చేప గుడ్డు పెట్టుకునే కాలం, యేటా ఉండే వేట బందే. అందుకే అప్పుడు ఆపరేషన్ పెట్టుకున్నారు, సత్తియ్య ఇంటి దగ్గర ఉంటాడని. ఉండక తప్పలేదు కూడా. చంకల్లో కర్రలు పెట్టుకుని ఒంటికాలితో నడవమన్నారు ఇక్కడ, ఆ కర్రలు పట్టుకోడానికి చేతి వేళ్ళు లొంగవు కదా. సత్తియ్యే ఎత్తి అరుగు మీద దింపేవాడు, ఎత్తి పెరట్లోకి తీసుకెళ్ళేవాడు, మొదట్లో సిగ్గుతో చచ్చిపోయేది, తర్వాత అతని మెడ దగ్గర ఉప్పు వాసన, చుట్ట వాసన, చిన్నప్పుడెప్పుడో ఏరు దాటించడానికి నాన్న ఎత్తుకున్నప్పటి వాసనే అనిపించి, ఊరుకుంది. కుట్లు తొందరగా మానలేదు, ఒక మూల చాలా రోజులు తడితడిగా ఉండిపోయింది, నీ చర్మం అంతేనమ్మా, అన్నారు. ఆ తర్వాత మోకాలి దాకా పిండికట్టు. కాలు కింద పెట్టొద్దు, అన్నారు రాజేంద్రగారు. కాలు కింద పెట్టొద్దు, అన్నారు సుధాకర్‌గారు. ఇంటికెళ్ళేటప్పుడు ఆస్పత్రి గేటు దగ్గరివాడు కూడా అదే అన్నాడు. పెట్టలేదు. దేవుడి విగ్రహాన్ని పెట్టుకున్నట్టు దిండు మీద పెట్టుకుంది కాలుని. అరుగు మీద గోడకి ఆనుకుని, కాలు బారజాపుకుని, వచ్చేవాళ్ళనీ పోయేవాళ్ళనీ చూస్తూ. తోటికోడలు పాపాయి బిందె పట్టుకుని వెళ్తూ వెళ్తూ, "రాణీగారికి కాళ్ళు పట్టేవాళ్ళు కూడా కావాలేమో, కబురెట్టమంటావా?" అనేది. అది నవ్వులాటే, దాని మనసులో ఏమీ లేదు, కానీ ఆ రోజు ఎందుకో ఏడుపొచ్చింది. తట్ట మోయలేదు, చేప కొయ్యలేదు, నీళ్ళు తోడలేదు, అరుగు మీద పడేసిన మూటకీ తనకీ తేడా ఏముంది.  సత్తియ్య లోపలికి వెళ్ళి పెద్దవల ఒక కొస ఈడ్చుకొచ్చి ఆమె ఒళ్ళో వేశాడు.

పెద్దవల. కొన్నప్పుడు మిషన్లో అల్లిందే, అందరివలాగే. ఇన్నేళ్ళలో చిరిగిన చోటల్లా కట్టి, కట్టిన పక్కన చిరిగితే మళ్ళీ కట్టి, ఇప్పుడందులో మిషను దారం కన్నా లోవలక్ష్మి దారమే ఎక్కువ. వల బాగుచేయాలంటే చిరిగిన చోటు ఒక పక్క బొటనవేలికి తగిలించుకుని, కాలు తన్నిపట్టి, ఆ బిగువు మీద కన్ను తర్వాత కన్ను కట్టుకుంటూ రావాలి. చిన్నప్పుడు అమ్మ పక్కన కూర్చుని నేర్చుకున్నది, ఆ ఊళ్ళో కాలి బొటనవేలు ఉన్నది అందుకే. ఎడమకాలి వేళ్ళు కీళ్ళవాతానికి ఒకదాని మీదొకటి ఎక్కేశాయి, దేన్నీ పట్టవు. కుడికాలికి చూస్తే పిండికట్టు చివర బొటనవేలు ఒక్కటీ నిటారుగా నిలబడి ఉంది, కదలదు, జారదు. ఎవరూ ఏమీ అనుకోలేదు. తనే తగిలించుకుంది. సత్తియ్య చూసి చూసి నవ్వాడు.

"డాక్టరుగారు నీ కాలికి భలే గుంజ పాతారే లోవా!"

"పాతనీ మావా. పీకేదాకా వాడుకుందాం."

కొత్త ఇంజెక్షన్ అప్పుడప్పుడే పనిచేస్తోంది, చేతులు చాలా ఏళ్ళకి మాట వింటున్నాయి. అతను ఆ కొస దగ్గర కూర్చుని వల తేలడానికి కట్టే బెండ్లు మార్చేవాడు, తను ఈ కొస దగ్గర కన్నులు కట్టేది, మధ్యలో వల. పెళ్ళయ్యాక ఎప్పుడైనా అలా ఎదురుబొదురు కూర్చున్నారా అంటే గుర్తు లేదు. అతను వేటలో ఉంటే తను గట్టు మీద, తను ఊళ్ళమ్మట తిరుగుతుంటే అతను నిద్రలో. అప్పుడు చెప్పాడు, చిన్నతనంలో ఒకసారి బోటు తిరగబడి తెల్లార్లూ పీపా పట్టుకుని తేలాడని, ఆ రాత్రి భయం కన్నా ఆకలే గుర్తుందని. ఇన్నేళ్ళ కాపరంలో ఆ సంగతి తెలియనే తెలియదు. ముడి బిగించినప్పుడల్లా కట్టు లోపల ఎక్కడో చిన్నగా జివ్వుమనేది. అది నొప్పని ఎవరనుకుంటారు? ఇరవయ్యేళ్ళుగా పెద్ద నొప్పులతో కాపరం చేసిన మనిషికి అలాంటివి ఈగ వాలినట్టు. మధ్యాహ్నం దాకా కట్టి, అన్నం తిని, మళ్ళీ నీడ అటు తిరిగాక కట్టేది. ఆ వేసవి తన జీవితంలో మంచి కాలం. ఇప్పుడు ఆ మాట పైకి అంటే ఎవరైనా పిచ్చిదనుకుంటారు. ఆ కాలాన్నే ఇప్పుడు డాక్టర్లు కత్తి పెట్టి తెరిచి చూస్తున్నారు.

నిన్న సాయంత్రం వార్డులో సుధాకర్‌గారు కాలు చూసి వెళ్ళబోతుంటే సత్తియ్య వెనకే నడిచి అడిగాడు, "బాబుగారూ, చీము లేదనుకోండి. మరి ఎందుకతకలేదంటారు?" ఆయన ఫోన్ చూసుకుంటూనే, "కదిలుంటుందండి. కదలకుండా ఉంటే అతుకుతుంది. ఏదో ఒకటి లాగి ఉంటుంది," అన్నారు. అంతే, ఆ తర్వాత వేరే మంచం దగ్గరికి వెళ్ళిపోయారు. సత్తియ్య తిరిగి వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు. లోవలక్ష్మి అతని మొహం చూడలేదు, చేతులు చూసింది, ఆ చేతులు ఏమీ పట్టుకోకుండా ఊరికే కిందికి వేలాడుతున్నాయి. చపాతీలు తెచ్చి ఆమెకి తినిపించాడు, తను తినలేదు. చాలాసేపయ్యాక, పక్క మంచం వాళ్ళ టీవీ వైపు చూస్తూ అన్నాడు, "పెద్దవల దొరబాబుకి ఇచ్చేస్తన్నానే. రేపు సాయంత్రం ఇంటికెళ్ళి పట్టుకెళ్ళమన్నాను." దొరబాబు అతని తమ్ముడి కొడుకు, కొత్తగా బోటు కట్టించుకున్నాడు. ఎందుకివ్వడం అని తను అడగలేదు. అడిగితే, వల తెచ్చి ఒళ్ళో వేసింది నేనే అన్న మాట అతని నోట పైకి రావాలి, వచ్చాక మళ్ళీ లోపలికి పోదు. వల లేకపోతే అతను ఇంకొకళ్ళ బోటులో రోజుకూలికి వెళ్తాడు. తన బెంగ దాని గురించి కాదు. అరుగు మీద ఆ కొస ఒకరూ ఈ కొస ఒకరూ కూర్చోడానికి మధ్యలో ఇంకేమీ ఉండదు.

అందుకని మొక్కు నడుస్తూ నడుస్తూ ఆగిపోతోంది. చీముంటే తప్పు పురుగుది. పురుగు ఎవరికైనా పడుతుంది. కాలు పోతే పోతుంది, సత్తియ్య మాత్రం మిగులుతాడు. చీము లేకపోతే కాలు మిగులుతుంది, మరి ఆ మనిషి? తట్ట దించేటప్పుడు కూడా ఆమె మెడకి దెబ్బ తగలకూడదని రెండు చేతులా దించే మనిషి, ఆ కాలిని ఎత్తుకుని తిరిగిన మనిషి, ఇక బతికినన్నాళ్ళూ ఆ కుంటి నడక చూసినప్పుడల్లా... ఛ, ఇదేం మొక్కు. అమ్మవారికి మాత్రం ఏం అర్థమవుతుంది. నువ్వే చూసుకో తల్లీ, నాకు తోచడం లేదు.

రక్తం ఆగడానికి తొడ మీద బిగించిన పట్టా దగ్గర ఏదో బరువు మొదలైంది, నొప్పి కాదు, నొప్పికి ముందు వచ్చి కూర్చునేది. అవతల మర ఊడదీస్తున్న చప్పుడు, కిర్రు, కిర్రు, పాత గుమ్మానికి గడియ తీస్తున్నట్టు. గిన్నెలో ఠంగుమని పడింది. ఇంకొకటి. "ఇది చేత్తోనే వచ్చేసింది సార్, లూజైపోయింది." "ఊఁ. లైటు ఇటు."  ఆ పెట్టె ఒక్కటే మాట్లాడుతోంది, తన గుండె అంత గట్టిగా కొట్టుకుంటోందని అందరికీ తెలిసిపోతోంది, దాచుకోడానికి కూడా లేదు. లోకనాథ్‌గారి చెయ్యి వచ్చి నుదుటి మీద వాలింది.

"శుభ్రంగా ఉంది," అన్నారు రాజేంద్రగారు. ఆయన ఎవరితో అంటున్నారో ముందు తెలియలేదు. "చీము ఛాయలేమీ లేవు. ముక్క తీసి ల్యాబుకి పంపుదాం ఎందుకైనా మంచిది, కానీ ఇది చీము కాదు. లోవలక్ష్మిగారూ, వింటున్నారా? చీము లేదమ్మా. తుంటి ఎముక పెట్టి బిగించేస్తాం. ప్రిస్కిల్లా, బయట వాళ్ళాయనకి చెప్పిరా, పాపం కంగారు పడుతుంటారు."

తలుపు రెక్క ఊగిన చప్పుడు. కాలుంది. కాలు తనదే. కళ్ళ పక్క నుంచి నీళ్ళు జారి రెండు చెవుల్లోకీ వెళ్తున్నాయి, కమ్మ తడిసిపోతుందేమో అనిపించింది, చేతులు రెండు పక్కలకి చాపి కట్టేశారు, తుడుచుకోడానికి లేదు. ఉంటుంది, నేల మీద ఉంటుంది, వంగకపోయినా ఉంటుంది. తను గుమ్మం దాటి తనంతట తను అరుగు మీదకి వస్తుంది. ఆ సంతోషం నిండా రాకముందే తలుపు రెక్క మళ్ళీ ఊగింది.

"చెప్పానండి," అంది ప్రిస్కిల్లా దగ్గరికొచ్చి. గాజుగుడ్డతో చెవుల దగ్గర తుడిచింది. "ఏంటండీ మీ ఆయన, సంతోషం కూడా పడలేదు? చీము లేదంటే, లేదా అన్నారు. లేదండి అన్నాను. అలాగే గోడకేసి చూస్తూ నిలబడ్డారు. కుర్చీ ఖాళీగానే ఉంది, కూర్చోమన్నా కూర్చోలేదు. పొద్దున్నించీ అంతేనంట, వాచ్‌మేన్ చెప్పాడు."

లేదా అన్నాడు. ఆ మాట ఎలా అని ఉంటాడో లోవలక్ష్మికి వినబడింది. ఒక్క గోడ అవతల ఉన్నాడు. కాళ్ళుంటే లేచి వెళ్ళేది, అటువంటి కాళ్ళు తనకి ఎప్పుడూ లేవు, ఇప్పుడైతే అసలే లేవు. అయినా ఇంత తొందర జీవితంలో ఎప్పుడూ పుట్టలేదు. దొరబాబు సాయంత్రం వల కోసం ఇంటికొస్తాడు. వాడు కుర్రాడు, చెప్పిన వేళకే వచ్చేస్తాడు.

"బాబుగారూ," అంది గుడ్డ వైపు.

"చెప్పమ్మా. నొప్పి తెలుస్తోందా?"

"కాదండి. బొటనవేలికి ఏదైనా కట్టి లాగితే అతకదాండి?"

చప్పుడు ఆగింది. "ఏం కట్టారు?"

"వలండి. వల బాగుచేసుకున్నానండి, కట్టు వేసి ఉన్నప్పుడు. మీరు కాలు కింద పెట్టొద్దన్నారు. పెట్టలేదండి. ఒట్టండి, ఒక్కసారి కూడా పెట్టలేదు."

ముందు లోకనాథ్‌గారు నవ్వారు, ఆపుకోలేక, "అయిపోయింది సార్, ఇక నుంచి ఇంటికెళ్ళేటప్పుడిచ్చే కాగితంలో అదొకటి కలపాలి, వలలు అల్లకూడదు అని." రాజేంద్రగారు నవ్వలేదు. పచ్చగుడ్డ పైనుంచి ఆయన కళ్ళు రెండే కనిపించాయి, కళ్ళజోడు వెనక, అలసిపోయిన కళ్ళు.

"చూడమ్మా. దానివల్లేనని నేను చెప్పలేను. కాదనీ చెప్పలేను. నాకు ఇక్కడ కనిపిస్తున్నది చెప్తాను. ఈ ఎముక మైనంలా ఉంది. ఏళ్ళ తరబడి ఆ మాత్రలు, లోపల ఈ జబ్బు. గట్టి ఎముకైతే నువ్వు వల లాగినా అతికేదేమో. ఇది వల లాగకపోయినా అతికేది కాదేమో. ఒక్కదాని మీద పెట్టి ఇదీ అనడానికి లేదు." మళ్ళీ కాలి మీదకి వంగి, "కదపొద్దు అని చెప్పాల్సింది, కింద పెట్టొద్దు అని చెప్పి ఊరుకున్నాను. ఈసారి నేను చెప్పేదాకా వల కాదు గదా, దారం కూడా ఆ కాలి దగ్గరికి రాకూడదు. సరేనా?"

"అలాగేనండి."

"ఈసారైనా ఖాయంగా అతుకుతుందని నేను మాటివ్వలేను. అది కూడా విను."

"వింటున్నానండి."

ఒక్కదాని మీద పెట్టడానికి లేదు. లోవలక్ష్మి ఆ మాటని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. దాంతో తను పూర్తిగా బయటపడలేదని తెలుసు. ఆ జివ్వుమన్న ప్రతిసారీ తనకి తెలుసు, తెలిసీ కట్టింది, ఆ ఎదురుబొదురు కూర్చోవడం కోసం కట్టింది. మళ్ళీ ఆ వేసవి వస్తే కట్టకుండా ఉంటుందా అంటే, ఆ ఒక్కటీ ఎవరూ అడగకపోతే బాగుండు. కానీ అది తన సంగతి. తన బొటనవేలు, తన ముడి. గోడ అవతల నిలబడ్డ మనిషికి దాంతో పని లేదు, ఆ మనిషి దాన్ని మొయ్యకూడదు. తుంటి దగ్గర ఉలి మీద సుత్తి పడుతోంది, దెబ్బ తెలియదు గానీ దెబ్బకి ఒళ్ళంతా బల్ల మీద కొద్దికొద్దిగా ఊగుతోంది, పంటు గట్టుకి ఆనుకునేటప్పుడు అందులో నిలబడ్డవాళ్ళు ఊగినట్టు.

"ప్రిస్కిల్లమ్మా."

"ఆఁ, చెప్పండి."

"ఇంకొక్కసారి బయటికెళ్ళి మా ఆయనకో మాట చెప్తావా?"

"మళ్ళీనా! మీ ఇద్దరి మధ్యా నన్ను తిప్పుతున్నారే," అంది గానీ చేతిలో ఉన్నది పక్కన పెట్టేసింది. "ఏం చెప్పమంటారు?"

ఏం చెప్పాలి. డాక్టరుగారన్నదంతా చెప్పమంటే ఆ పిల్ల సగం మర్చిపోతుంది, మిగతా సగం ఆయన నమ్మడు. నీ తప్పు కాదని చెప్పమంటే తప్పు అన్న మాట ఒక్కటే వినబడుతుంది ఆయనకి.

"దొరబాబుకి వల ఇవ్వొద్దన్నానని చెప్పు."

"వలా?"

"ఊఁ. ఇవ్వొద్దన్నాను. నాకు కావాలన్నాను."

"అంతేనా? కాలు గురించి ఏమీ చెప్పొద్దా?"

"కాలు సంగతి నువ్వు చెప్పేశావుగా."

తలుపు రెక్క ఊగి ఆగింది. ఈసారి చాలాసేపు రాలేదు. పట్టీ ఉబ్బి చెయ్యిని పట్టుకుంది, వదిలింది, మళ్ళీ పట్టుకుంది. సుధాకర్‌గారు కొత్త మరలు సైజులు చెప్పి అందిస్తున్నారు, రాజేంద్రగారు ఊఁ, ఊఁ అంటున్నారు. సన్నటి మిషను ఒకటి గుయ్యిమని మొదలై, ఎముకలోకి దిగుతూ గొంతు మార్చుకుంది. పైన పెద్ద దీపం చుట్టూ తెల్లగా, ఏమీ లేనంత తెల్లగా ఉంది. ఆ వెలుతురులోకి చూస్తూ ఉంటే ఎటు పక్క నుంచి తలుపు చప్పుడు వస్తుందో కూడా మర్చిపోయింది. వచ్చింది.

"కూర్చున్నారండీ!" అంది ప్రిస్కిల్లా, ఏదో తనే సాధించినట్టు. "చెప్పగానే కుర్చీలో అలా కూలబడిపోయారు. నీళ్ళిస్తే తాగారు. తర్వాత జేబులోంచి ఫోన్ తీసి నాకిచ్చి, దొరబాబు పేరు ఎక్కడుందో తీసిపెట్టమ్మా, కళ్ళు ఆనడం లేదు అన్నారు. తీసి, చెవి దగ్గర పెట్టి వచ్చాను. అంత పెద్ద అక్షరాలు కూడా కనబడట్లేదంటే అద్దాలు పెట్టించాలండి ఆయనకి. ఇక్కడే పక్కన కళ్ళాస్పత్రి ఉంది, మీరు లేచాక ఒకసారి చూపించండి."

"ఆయన చూపుకేం ఢోకా లేదమ్మా," అంది లోవలక్ష్మి.